ఎక్సలేటర్ డబ్బాలకి డబ్బులు పొయ్యొద్దు

పోస్టు పొడుగ్గా ఉంటాది. ఓపిక ఉన్నోళ్లు ఇప్పుడే చదవండి, లేనోళ్లు సేవ్ చేసుకొని రాత్రి గుంతల కాడ కాపలాకి పొయినప్పుడు చదవండి. అయితే చదవకుండా మాత్రం ఆ డబ్బా ఆర్డరు పెట్టబాకండి.

ఏ డబ్బా అంటారా? ఫోను తెరిస్తే చాలు, రీల్స్ అన్నీ అదే. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఎక్సలేటర్ పెడల్ కాడ ఒక ప్లగ్గు పీకి, మధ్యలో దీన్ని తగిలిస్తారు. స్టీరింగ్ పక్కన ఒక బటన్ అంటిస్తారు. ఇంక మీ ఆటోమేటిక్ బండి పులి మాదిరి దూకుతాదంట. తొక్కంగానే లేస్తాదంట. పికప్ లేట్ అనే మాటే ఉండదంట. అయిదారు వేల కాడ్నుంచి పాతిక వేల దాకా అడుగుతా ఉండారు. ఒక్క మా ఊరి చుట్టుపక్కలే నాకు తెలిసి నలుగురు పెట్టించారు, ఇంకో ఇద్దరు పెట్టించాలని చూస్తా ఉండారు. అందుకే ఈ పోస్టు.

ముందుగా ఒక మాట. "రైతుకి ఆటోమేటిక్ ఎస్‌యూవీ ఎందుకు, బలుపు కాకపోతే" అని కామెంట్ పెట్టడానికి కొంతమంది రెడీగా ఉంటారని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిపొయినోడికి తెలుస్తాది ఆటోమేటిక్ ఎందుకో. అమ్మానాయన్ని నెల్లూరు ఆస్పత్రికో, చెన్నైకో తీసకపొయ్యేది ఈ బండ్లల్లోనే. ఊళ్లో డాక్టరు ఎస్‌యూవీ కొంటే అవసరం, రైతు కొంటే బలుపా? ఆ లెక్కలు తర్వాత చూసుకుందాం.

అసలు సంగతి ఏందంటే, పికప్ లేట్ అనేది ఉత్త సరదా సమస్య కాదు. కోట నుంచి విద్యానగర్ మీదుగా గూడూరు పొయ్యే దారి మీకు చెప్పబళ్లేదు. ముందర సిలికా ఇసక లారీ, దాని వెనకాల ఐస్ పెట్టెలతో రొయ్యల బండి, ఎదురుగా కాలేజీ బస్సు. ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే బండి ఒక క్షణం ఆలోచిస్తాది. గంటకి 80 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతాది. సెకనున్నర ఆలస్యం అంటే 33 మీటర్లు. హైవే మీద డివైడరు గ్యాపులో అడ్డం దాటేటప్పుడు ఇంకా ఘోరం. వందలో వస్తా ఉండే బస్సు అదే సెకనున్నరలో 40 మీటర్లు దాటి మన మీదకి వచ్చేసి ఉంటాది. మనం మాత్రం కాలు నేలకి ఆనించి, బండి ఎప్పుడు కదులుతుందా అని చూస్తా ఉంటాం. ఇది నిజమైన సమస్య. కాదన్నోడు ఆటోమేటిక్ నడపనోడన్నా అయ్యుండాలి, అమ్మేవోడన్నా అయ్యుండాలి.

సమస్య నిజం, మందు మాత్రం అబద్ధం. నా గొడవ అది.

పాత జీపుల్లో, పాత అంబాసిడర్లో ఎక్సలేటర్‌కి ఒక కేబుల్ ఉండేది. మనం కాలితో లాగితే ఆడ ఇంజిన్ కాడ రేకు తెరుచుకునేది, లేకపోతే పంపు లివర్ కదిలేది. కాలికీ ఇంజిన్‌కీ మధ్య ఎవుడూ లేడు. ఇప్పటి బండ్లల్లో ఆ కేబుల్ లేదు. పెడల్ కింద సెన్సార్లు ఉంటాయి, ఒకటి తప్పు చెప్తే పట్టుకోవడానికి రెండోది. అవి మన కాలు ఎంత నొక్కిందో వోల్టేజీ రూపంలో కంప్యూటర్‌కి చెప్తాయి. ఆ కంప్యూటరే ఈసీయూ. అది ఇంజిన్ స్పీడు చూసి, గాలి ఎంత వస్తా ఉందో చూసి, గేరుబాక్సుని అడిగి, అప్పుడు డీజిల్ ఎంత ఇయ్యాలో తేలుస్తాది. అంటే మన కాలు ఆర్డరు ఇయ్యదు, అర్జీ పెడతాది. అర్జీ మంజూరు చేసేది కంప్యూటరు.

ఇప్పుడు ఆ డబ్బా ఏం చేస్తాదో చూడండి. మీరు పెడల్ 20 శాతం తొక్కితే, మధ్యలో దూరి "40 శాతం తొక్కాడు" అని కంప్యూటర్‌కి అబద్ధం చెప్తాది. అంతే. అంతకు మించి దాన్లో ఏ మహత్యమూ లేదు. ఇంజిన్ పవర్ ఒక్క గుర్రం కూడా పెరగదు. మీరు కాలు మొత్తం ఆనిస్తే డబ్బా ఉన్నా 100 శాతమే, లేకపోయినా 100 శాతమే. హైవేలో అడ్డం దాటేటప్పుడు, లారీని దాటేటప్పుడు మనం ఎట్టాగూ మొత్తం తొక్కుతాం గదా? అంటే సరిగ్గా ప్రాణం మీదకొచ్చే టయానికి ఆ పాతిక వేల డబ్బా చేసే పని సున్నా.

మన భాషలో చెప్తా. బోరు మోటారు స్టార్టర్ ఉండాది. పచ్చ బటన్ మెల్లిగా నొక్కినా, గట్టిగా నొక్కినా, నీళ్లు పైపులో పైకెక్కి తొట్లో పడటానికి పట్టే టైము అంతే. ఇంక ఫుట్ వాల్వ్ లీకై పైపులో నీళ్లు జారిపొయి ఉంటే, బటన్‌కి బంగారు తాపడం చేయించినా నీళ్లు లేటుగానే వస్తాయి. వాల్వ్ బాగు చేయించుకోవాల గానీ, కొత్త బటన్ కొంటామా?

"నేను పెట్టించా అన్నా, బండి సూపర్‌గా ఉంది" అనేవాళ్లు ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పటంలా. టౌన్లో, ఊళ్లో మెల్లిగా నడిపేటప్పుడు కొంచెం తాకితేనే ఎక్కువ అడిగినట్టు లెక్క కాబట్టి బండి చురుగ్గా అనిపిస్తాది. అదే మీ బండిలోనే ఉండే స్పోర్ట్ మోడ్ నొక్కినా వస్తాది. స్కార్పియో-ఎన్ డీజిల్, ఎక్స్‌యూవీ 700 డీజిల్ మోడల్స్‌లో జిప్, జాప్, జూమ్ అని మోడ్లు ఇచ్చారు. క్రెటాలో ఎకో, స్పోర్ట్ అని ఉంటాయి. ఫార్చ్యూనర్‌లోనూ మోడ్లు ఉండాయి. మోడ్లు ఉండే మోడల్ కొనుక్కొని, డీజిల్ మిగుల్తాదని పొద్దస్తమానం ఎకోలో నడుపుతా, మళ్లీ పికప్ లేదని డబ్బా కొనేవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి. ఎకో అంటేనే "నెమ్మదిగా అర్జీ తీసుకో" అని చెప్పడం. హైవే ఎక్కేముందు బటన్ నొక్కండి, దిగినాక మార్చుకోండి. ఖర్చు ఏమీ లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉండాది. వానాకాలం చెరువు కట్ట మీద, బురదలో, రివర్స్‌లో కాలు కొంచెం తాకించి పోవాల్సిన చోట, ఆ డబ్బా రెండింతలు చెప్తే బండి గుంతలోకి దూకుతాది. దూకుతాదని రీల్‌లో వాళ్లు చెప్పింది నిజమే, ఎటు దూకుతాదో చెప్పలా.

సరే, అయితే ఆలస్యం యాడ ఉందో ఎట్టా పట్టుకోవాల? దీనికి షోరూమ్ అక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద గేరు మాన్యువల్‌లోకి మార్చి, మూడో గేరులో రెండు వేల ఆర్పీఎం కాడ నిలకడగా పోతా, కాలు బారుగా తొక్కండి. బండి వెంటనే లాగిందా? అయితే పెడల్ బాగుంది, ఇంజినూ బాగుంది. మీ ఆలస్యం గేరుబాక్సు కింది గేరు ఎంచుకునే కాడ, లేకపోతే తక్కువ ఆర్పీఎంలో టర్బో తిరగని కాడ ఉంది. అట్టా తొక్కినా కూడా బండి మొద్దుగా ఉందా? అయితే ఇంజిన్‌కి ఊపిరి అందటంలా. గాలో, డీజిలో, టర్బోనో చూసుకోవాల. ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం సమస్య యాడుందో తేలిపోతాది. పాతిక వేలు తీసుకునేవాడు ఒక్కడన్నా ఈ పరీక్ష చేయించాడా మీ చేత?

గాలి సంగతి మన ప్రాంతానికి బాగా ముఖ్యం. సిలికా దుమ్ము, ఎండాకాలం మట్టి రోడ్డు దుమ్ము, దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. కంపెనీ పుస్తకంలో ఎయిర్ ఫిల్టర్‌కి రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్లకి. అదే పుస్తకంలో దుమ్ము ప్రాంతాల్లో ముందే మార్చమని చిన్న అక్షరాల్లో ఉంటాది. కొత్తపట్నం వైపు రోజూ తిరిగే బండికి ఆ చిన్నక్షరాలే వర్తిస్తాయి. ఫిల్టర్ తీసి ఎండలోకి పట్టి చూడండి. దులిపి దులిపి వాడబాకండి, కొత్తది వేయండి. కంప్రెషర్ గాలి గట్టిగా కొడితే కాగితం చిల్లులు పడి దుమ్ము తిన్నగా టర్బోలోకి పోతాది.

మా చిన్నాయన కొడుకు బండి డీజిల్ ఆటోమేటిక్. అరవై వేల కిలోమీటర్లు దాటినాక పికప్ పడిపోయింది. షోరూమ్‌కి పోతే కంప్యూటర్ పెట్టి "ఎర్రర్ ఏమీ లేదు సార్, అన్ని బండ్లూ ఇంతే" అని వాషింగ్ చేసి ఇచ్చారు. రెండోసారీ అదే మాట. డబ్బావాడు ఇంటికే వచ్చి పెడతానన్నాడు. నేను వద్దని గూడూరులో నాకు తెలిసిన మెకానిక్ కాడికి తీసకపొయ్యా. ఆయన బానెట్ తీసి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పొయ్యే రబ్బరు పైపు చుట్టూ వేలు పెట్టి చూశాడు. ఆయిలు తడి తగిలింది. క్లిప్పు లూజు. తొక్కినప్పుడల్లా టర్బో పంపిన గాలి సగం ఆడే సుయ్‌మని బయటకి పోతా ఉంది. క్లిప్పు ఖరీదు రెండొందలు కూడా లేదు. మన ఫుట్ వాల్వ్ కథే. అదే బండికి డబ్బా పెట్టించి ఉంటే ఏమయ్యేది? లీకు అట్టాగే ఉండేది, టర్బో ఇంకా కష్టపడేది, కొన్నాళ్లకి టర్బో పొయ్యేది. దాని ఖర్చు పాతిక వేలతో తీరేది కాదు.

గేరుబాక్సు కాడికొద్దాం. ఆటోమేటిక్ అని ఒకే పేరు పెట్టి నాలుగు రకాలు అమ్ముతా ఉండారు. ఏఎంటీ అంటే మామూలు క్లచ్చు, గేరుబాక్సే, మన కాలూ చెయ్యీ బదులు మోటార్లు పెట్టారు. అది గేరు మార్చేటప్పుడు ఇంజిన్‌ని వదిలి మళ్లీ పట్టుకుంటాది, ఆ ఖాళీ అందరికీ తెలుస్తాది. దాన్ని ఏ డబ్బా తియ్యలేదు. గేరు మారే ముందు కాలు కొంచెం ఎత్తండి, లేకపోతే మాన్యువల్‌లో మీరే వేసుకోండి. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, గేరు చకచకా మారుతాది, కానీ నిలబడి కదిలే కాడ క్లచ్ పట్టుకోవడానికి కొంచెం టైము తీసుకుంటాది. దాన్ని కట్ట ఎత్తు మీద బ్రేకు బదులు ఎక్సలేటర్‌తో ఆపి ఉంచితే క్లచ్చు కాలిపోతాది. సీవీటీలో ఇంజిన్ మోత ముందు, పరుగు వెనక. టార్క్ కన్వర్టర్ అనేది నూనె మధ్యలో రెండు ఫ్యాన్లు మాదిరి పని చేస్తాది, పాత రకం, గట్టి రకం. దాన్లో ఆలస్యం పెరిగితే మాత్రం గేరు ఆయిలు చూపించండి. "లైఫ్‌టైమ్ ఆయిలు, మార్చబళ్లేదు" అంటారు. ఎవరి లైఫ్‌టైమో అడగండి.

బారుగా తొక్కినప్పుడు బండి ఒకటి రెండు గేర్లు కిందికి దిగి లాగాలి. దాన్ని కిక్‌డౌన్ అంటారు. అది రావాలంటే పెడల్ నిజంగా చివరిదాకా పోవాలి. ఇప్పుడు మీ బండి కాడికి పొయ్యి పెడల్ కింద చూడండి. షోరూమోళ్లు ఉచితం అని అంటగట్టిన 7డీ మ్యాటు, దాని మీద మన ఆడోళ్లు మట్టి పడకుండా వేసిన ఇంకో మ్యాటు. పెడల్ ముక్కాలు వంతు పొయి మ్యాటుకి తగిలి ఆగిపోతాది. మీరేమో మొత్తం తొక్కినా అనుకుంటారు, కంప్యూటరేమో ముక్కాలే తొక్కాడు అనుకుంటాది. కిక్‌డౌన్ రాదు. మ్యాట్లు ఇంత చిన్న విషయమా అంటారేమో, 2009లో అమెరికాలో టయోటా 38 లక్షల బండ్ల గురించి రీకాల్ ప్రకటించింది, మ్యాటు జరిగి ఎక్సలేటర్ దాని కింద ఇరుక్కుంటా ఉందని. ఆడ పెడల్ పైకి రాకుండా చంపింది, ఈడ కిందికి పోకుండా ఇబ్బంది పెడతా ఉంది.

అట్టాగే ఎడమ కాలు. క్లచ్ అలవాటుతో ఎడమ కాలు బ్రేకు మీద ఆనించి కుడి కాలితో తొక్కేవాళ్లు మనలో చాలామంది ఉండారు. రెండూ ఒకేసారి పడితే ఇప్పటి బండ్లల్లో చాలా వాటిలో కంప్యూటరు ఎక్సలేటర్ మాట వినదు, బ్రేకు మాటే వింటాది. అది సేఫ్టీ కోసం పెట్టింది. ఆటోమేటిక్‌లో ఎడమ కాలికి పని లేదు, దాన్ని పక్కన పెట్టి మర్చిపోండి. సిగ్నల్ కాడ ఇంజిన్ దానంతటది ఆగే బటన్ ఉంటే, హైవే దాటేముందు దాన్నీ ఆపెయ్యండి.

ఇంతకీ కంపెనీలు కావాలనే ఆలస్యం పెట్టినయ్యా అంటే, కొంతవరకూ అవును, దానికి కారణం కూడా ఉండాది. పాత ట్రాక్టర్ ఒక్కసారిగా రేజ్ చేస్తే నల్ల పొగ గుప్పుమని వస్తాది గదా? గాలి రాకముందే డీజిల్ పడితే వచ్చేది ఆ పొగ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్ 6 వచ్చింది. డీజిల్ కారుకి కిలోమీటర్‌కి మసి 25 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు అన్నది బీఎస్ 4, నాలుగున్నర దాటకూడదు అన్నది బీఎస్ 6. అందుకని కంప్యూటరు టర్బో గాలి వచ్చిందాకా డీజిల్ బిగబట్టి, గాలి వచ్చినాకే వదులుతాది. ఆ కొంచెం ఆలస్యం మన పిల్లకాయల ఊపిరితిత్తుల కోసం. దాంతో నాకు పేచీ లేదు. అరసెకను దానికి ఒప్పుకుందాం. కానీ రెండు సెకన్ల ఆలస్యానికి కూడా "బీఎస్ 6 సార్" అని అదే పేరు చెప్పి తప్పించుకునేవాళ్లతో పేచీ.

బీఎస్ 6తో పాటు డీపీఎఫ్ వచ్చింది, సైలెన్సర్ దారిలో మసి పట్టే జల్లెడ. జల్లెడ నిండితే బండి దాన్ని కాల్చుకోవాల. దానికి అరవై పైన స్పీడులో పది, ఇరవై నిమిషాలు ఆగకుండా పోవాల. మనమేం చేస్తాం? ఇంటి నుంచి గుంతల కాడికి మూడు కిలోమీటర్లు, ఆడ ఏసీ వేసుకొని ఫోను మాట్లాడతా ఇంజిన్ ఆన్‌లో అరగంట, మళ్లీ ఇంటికి మూడు కిలోమీటర్లు. జల్లెడ నిండిపోతాది, పొగ బయటకి పోలేక బండి మొద్దుబారుతాది. వారానికి ఒకసారి గూడూరు నుంచి నాయుడుపేట దాకా హైవే మీద ఒక చుట్టు కొట్టండి. డీపీఎఫ్ లైటు వెలిగిన తర్వాత కూడా రెండు రోజులు చూద్దాం అనుకోబాకండి. ఇంజిన్ ఆయిలు కూడా పుస్తకంలో రాసిన గ్రేడే పొయ్యండి. ఇంట్లో ట్రాక్టర్ ఆయిలు డబ్బా ఉంది గదా అని అది పోస్తే, దాని బూడిద ఆ జల్లెడలో కూర్చుంటాది, అది కాలదు, పోదు. ఏరేటర్ జనరేటర్ కోసం డ్రమ్ములో నిలవ పెట్టిన డీజిల్ కూడా అంతే. అడుగున చెమ్మ చేరి ఉంటాది. జనరేటర్ తట్టుకుంటాది, వెయ్యి బార్లు పైన ప్రెషర్ కొట్టే ఇంజెక్టర్ తట్టుకోదు.

ఇక్కడ ఇంకో రకం మేధావులు తయారయ్యారు. "డీపీఎఫ్ కోసి పడేసి, కంప్యూటర్‌ని రీమ్యాప్ చేస్తే సమస్య శాశ్వతంగా పోతాది" అంటారు. డబ్బా కంటే పెద్ద దగా ఇది. వారంటీ గోవిందా. మోటారు వాహనాల చట్టం 182ఏ ప్రకారం అనుమతి లేకుండా బండిని మారిస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయరు ముందర చూసేది ఇవే. కోసినవాడు ఆ రోజు ఫోను ఎత్తడు.

ఇప్పటిదాకా మనోళ్లని తిట్టా. ఇంక తిట్టాల్సినోళ్లని తిడతా.

"అన్ని బండ్లూ ఇంతే సార్." ఈ ఒక్క మాట మీద ఎన్ని షోరూములు బతకతా ఉండాయో. ఇరవై లక్షలు పోసి కొన్న బండి గురించి అడిగితే, ముక్కూ మొహం తెలియని పిల్లోడు ఒకడు టై కట్టుకొని వచ్చి, నడిపి కూడా చూడకుండా ఆ మాట అంటాడు. వాడి తప్పు కాదు, వాడికి అట్టా నేర్పించారు. కానీ మనం తలూపి వచ్చేయడమేంది? రొయ్యలు కాటా వేసేటప్పుడు కౌంట్‌లో ఒక్క అంకె తేడా వస్తే ఏజెంటుతో గంటసేపు కొట్లాడతాం. 40 కౌంటుని 45 అంటే ఊరుకోం. బండి కాడికొచ్చేసరికి ఆ నోరు యాడికి పోతాది?

పొయినప్పుడు నోటితో చెప్పబాకండి. జాబ్ కార్డులో రాయించండి, "నిలబడిన బండి తొక్కితే ఇన్ని సెకన్లు ఆలస్యం, ఈ గేరులో, ఈ స్పీడులో" అని. ఫోనుతో మీటరు వీడియో తీసి చూపించండి. మీ మోడల్‌కి ఇంజిన్‌కి గానీ గేరుబాక్సుకి గానీ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందా అని అడగండి, వచ్చి ఉంటే వేయించుకోండి. అదే మోడల్ కొత్త బండి వాళ్ల కాడే ఉంటాది గదా, దాన్ని పక్కన పెట్టి రెండూ మీ ముందరే నడిపించమనండి. "ఇంతే సార్" అంటే ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. సంతకం అనేసరికి సగం మందికి లోపల రిపేరు గుర్తొస్తాది. అయినా కదలకపోతే 1915కి ఫోను చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 50 లక్షల దాకా కొన్న వస్తువు మీద కేసు వేయొచ్చు. 20 నుంచి 50 లక్షల మధ్య అయితే కోర్టు ఫీజు వెయ్యి రూపాయలు. ఆ డబ్బా ఖరీదులో ఎన్నో వంతో లెక్కేసుకోండి.

దీని వెనకాల ఇంకా పెద్ద కథ ఉండాది. మన మెకానిక్ ఎందుకు చేయలేకపోతా ఉండాడు? చేతగాక కాదు. కంపెనీ స్కానర్, కంపెనీ సాఫ్ట్‌వేర్, కంపెనీ రిపేర్ పుస్తకం బయటోడికి ఇయ్యరు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేర్ పనిముట్లు, సమాచారం బయటి మెకానిక్‌లకి అందకుండా తొక్కిపెట్టారని. కంపెనీలు పైకోర్టులకి పోయినయ్. పదేళ్లు దాటింది, గూడూరు మెకానిక్ చేతిలో ఇప్పటికీ కంపెనీ స్కానర్ లేదు. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ అని ఒక పోర్టల్ తెరిచింది. దాన్లో కార్లతో పాటు వ్యవసాయ యంత్రాలు కూడా పెట్టారు. పోర్టల్ అంటే పోర్టలే, చట్టం కాదు. కంపెనీ ఇష్టమైతే వివరాలు పెడతాది.

నాకు కారే లేదు, ఇదంతా నాకెందుకు అనుకునే రైతుకి చెప్తా ఉండా. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి కూడా కొత్త పొగ రూల్స్ వచ్చినయ్. వాటిలోకి కామన్ రైల్ ఇంజిన్లు, సెన్సార్లు, కంప్యూటరు వస్తా ఉండాయి. రేపు కోతల టయంలో, మబ్బు పట్టి ఉండంగా, పొలం మధ్యలో బండి పికప్ తియ్యకుండా మొరాయిస్తే, ఏ స్పానర్‌తో బాగు చేస్తావు? ల్యాప్‌టాప్ పట్టుకొని నెల్లూరు నుంచి మనిషి రావాల. అమెరికా రైతులు ఈ పాటికే ఈ దెబ్బ తిన్నారు. జాన్ డీర్ ట్రాక్టర్లు తమ సాఫ్ట్‌వేర్ తమకే తెరవకపోతే కొట్లాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేర్ హక్కు చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అమలు. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషనే ఆ కంపెనీ మీద కోర్టుకెక్కింది. వేల ఎకరాలు ఉన్నోళ్లే రోడ్డెక్కాల్సి వచ్చింది. అయిదెకరాలోడు డబ్బా కొనుక్కొని సర్దుకుపోదాం అంటే ఎట్టా?

ఎమ్మెల్యే వచ్చినప్పుడు రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం, రొయ్య రేటు అడుగుతాం. ఈసారి దీన్ని కూడా అడగండి, ట్రాక్టర్‌కీ కారుకీ రిపేర్ పుస్తకం, స్కానర్ బయట మెకానిక్‌కి ఇవ్వాలని చట్టం ఎప్పుడు చేయిస్తారని. తెలియదంటే ఈ పోస్టు చూపించండి.

అప్పటిదాకా మన పాట్లు మనం పడాల. స్టీరింగ్ కింద ఓబీడీ అని ఒక సాకెట్టు ఉంటాది. దానికి తగిలించే చిన్న బ్లూటూత్ రీడరు నా కాడ ఒకటుండాది, డబ్బాతో పోలిస్తే దాని ఖరీదు ఏపాటిదీ కాదు. ఫోనులో కనపడతాది, మీ కాలు ఎంత తొక్కిందో, ఇంజిన్ ఏ స్పీడులో ఉందో, చాలా బండ్లల్లో టర్బో గాలి ఎంత వస్తా ఉందో. కంపెనీ స్కానర్ అంత రాదు, కానీ పెడల్ తప్పా, గాలి తప్పా అనేది చెప్పేస్తాది. డబ్బా కొనాలనుకుంటా ఉండే ఆ ఇద్దరు తమ్ముళ్లకీ, ఇంకా ఎవరికైనా పికప్ బాధ ఉంటే వాళ్లకీ చెప్తా ఉండా, ఆదివారం పొద్దున మా కళ్లం కాడికి బండి తీసకరండి. నా కాడ రీడరు ఉంది, ఖాళీ రోడ్డు ఉంది, టీ ఉంది. వచ్చేముందు ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో బిల్లు వెతికి పెట్టుకోండి. పెడల్ కింద ఆ మందం మ్యాట్లు తీసి డిక్కీలో పడేసి రండి. సగం మందికి దారిలోనే బాగైపోయి మధ్యలోనే వెనక్కి తిరిగిపోతారని నా లెక్క, అట్టా తిరిగిపొయినోళ్లు కామెంట్‌లో ఒక మాట రాయండి.